లారీ డీజిల్‌లో అడిటివ్ పోయాలా? పోస్తే ఏ రకం?

లారీలున్నవాళ్లు, నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: “డీజిల్‌లో పోసే మందుల్లో ఏది మంచిది?” దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. షాపులో పక్కపక్కన ఉన్న రెండు సీసాలు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకమైన పని చేయవచ్చు. ఒకటి డీజిల్‌లోని నీటిని విడగొట్టి అడుగుకు దించుతుంది. ఇంకొకటి అదే నీటిని డీజిల్‌లో కలిపేసి ఇంజిన్‌లోకి పంపుతుంది. లేబుళ్లు మాత్రం రెండూ నీటి సమస్య తీరుస్తామనే చెబుతాయి.

నేను చాలా ఏళ్లుగా డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు విప్పి బాగుచేసే పనిలో ఉన్నాను. ఒకసారి ఆరు సిలిండర్ల కామన్ రైల్ ఇంజిన్ (ఒకే పైపులో ఎక్కువ ఒత్తిడితో ఉన్న డీజిల్ అన్ని ఇంజెక్టర్లకూ అందే రకం) ఉన్న లారీ వచ్చింది. స్టార్టింగ్ ట్రబుల్, పొద్దున్నే తెల్ల పొగ. ఇంజెక్టర్లు విప్పితే నాలుగింటి లోపల నీడిల్ (డీజిల్ దారిని తెరిచి మూసే సూది) మీద తుప్పు మచ్చలు కనిపించాయి. వాటర్ సెపరేటర్ గిన్నెలో మాత్రం చుక్క నీరు లేదు. ఓనరు ఆర్నెల్లుగా ప్రతి ట్యాంకుకీ క్రమం తప్పకుండా ఒక మందు పోస్తున్నాడు. అది నీటిని డీజిల్‌లో కలిపే రకం. సెపరేటర్ ఆపాల్సిన నీరంతా దాన్ని దాటుకుని ఇంజెక్టర్ల దాకా వెళ్లిపోయింది. ఆయన నిర్లక్ష్యం చేసిన మనిషి కాడు, బండిని బాగా చూసుకోవాలనే పోశాడు. సీసా మీద ఆ తేడా స్పష్టంగా రాసి ఉంటే ఆ నాలుగు ఇంజెక్టర్లు దక్కేవి. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

డీజిల్‌లో ముందే ఏం కలిసి ఉంటుంది

బంకులో మీరు కొట్టించే డీజిల్‌లో ఇప్పటికే కొన్ని అడిటివ్‌లు ఉంటాయి. డీజిల్‌లోని సల్ఫర్ తీసేయడానికి రిఫైనరీలో హైడ్రోజన్‌తో శుద్ధి చేస్తారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 590 ప్రకారం సల్ఫర్ 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10 భాగాలు) దాటకూడదు, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డీ975లోని అతి తక్కువ సల్ఫర్ గ్రేడుకు 15 పీపీఎం. ఈ శుద్ధిలో సల్ఫర్‌తో పాటు, డీజిల్‌కు సహజంగా జిడ్డుదనం ఇచ్చే కొన్ని పదార్థాలు కూడా పోతాయి. పంపు భాగాలు అరగకుండా కాపాడేవి అవే. “సల్ఫర్ పోయింది కాబట్టి జిడ్డు పోయింది” అని చాలామంది అంటారు కానీ, జిడ్డు ఇచ్చేది సల్ఫర్ కాదు, దానితో పాటు పోయే ఆ పదార్థాలు. ఆ లోటు తీర్చడానికి డీజిల్ బయటికి పంపేముందే లూబ్రిసిటీ (జిడ్డుదనం) అడిటివ్ కలుపుతారు. చలి ప్రాంతాలకు పంపే సరుకులో చలికాలం మందు కూడా పడుతుంది.

అంటే సీసా కొన్నప్పుడు మీరు కొనేది ఉన్నదానికి అదనం. మీ డీజిల్‌లో ఏది తక్కువగా ఉందో అదే పోస్తే ఉపయోగం. తక్కువ లేనిదాన్ని ఎంత పోసినా ఇంజిన్‌కు తేడా తెలియదు. సీటేన్ సంఖ్యనే (డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పేది) చూడండి. ఈఎన్ 590లో సాధారణ గ్రేడుకు కనీసం 51 ఉండాలి, డీ975లో కనీసం 40 చాలు. 40 దగ్గర ఉన్న డీజిల్‌లో సీటేన్ పెంచే మందు పోస్తే చల్లటి పొద్దున స్టార్టింగ్‌లో తేడా తెలుస్తుంది. 51 దాటిన డీజిల్‌లో అదే మందు పోస్తే చాలా ఇంజిన్లలో ఏమీ తెలియదు. ఒక డ్రైవరు “అద్భుతం” అన్న మందును ఇంకొకరు “నీళ్లు” అనడానికి సగం కారణం ఇదే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వాళ్ల డీజిల్ వేరు.

ముందు ఇంజిన్ చూడండి

పాత లైన్ పంపు (సిలిండరుకో ప్లంజర్ చొప్పున వరసగా ఉండే పంపు) ఇంజిన్‌కు, కామన్ రైల్ ఇంజిన్‌కు ఒకే సలహా ఇవ్వడం తప్పు. కామన్ రైల్‌లో డీజిల్ 1,600 నుంచి 2,500 బార్ దాకా ఒత్తిడితో నాజిల్‌కు చేరుతుంది. ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లే. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే ఆ సందు ఎంత సన్ననిదో ఊహించుకోవచ్చు. అక్కడ పలచటి పొర పేరుకున్నా, నీటి చుక్క చేరినా భాగం ఇరుక్కుంటుంది. పాత ఇంజిన్ ఇలాంటివాటిని కొంతవరకు సహించేది. నాజిల్ కొంచెం కారినా నల్ల పొగ వదులుతూ ఊరు చేర్చేది.

వెనకాల డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్), యూరియా ద్రవంతో పనిచేసే ఎస్‌సీఆర్ (పొగలోని హానికర వాయువులను తగ్గించేది) ఉన్న బండ్లకు ఇంకో నియమం తోడవుతుంది. డీజిల్‌లో పోసేది ఏదైనా బూడిద మిగల్చకుండా మండాలి. మసి రీజనరేషన్‌లో (ఫిల్టర్‌ను వేడెక్కించి శుభ్రం చేసేటప్పుడు) కాలిపోతుంది, బూడిద కాలదు. అది డీపీఎఫ్‌లో కూర్చుంటే విప్పి శుభ్రం చేయించాల్సిందే. అందుకే లోహాలున్న మందులు ఈ బండ్లకు వద్దు. ఇంజిన్ కంపెనీయే తన పుస్తకంలో ఫలానాది వాడమని రాస్తే తప్ప వాటి జోలికి పోకండి. సీసా మీద సల్ఫర్ 15 పీపీఎం లోపు అని, డీపీఎఫ్‌కు పనికొస్తుందని ఉందో లేదో చూడండి. ఆ మాట లేకపోతే అక్కడే పెట్టేయండి.

డిటర్జెంట్: నా దృష్టిలో మొదటి స్థానం

కామన్ రైల్ లారీకి ఒకే ఒక్క రకానికి డబ్బు పెట్టమంటే నేను డిటర్జెంట్‌కే పెడతాను. కామన్ రైల్‌లో ముఖ్యంగా రెండు రకాల పేరుకుపోవడాలు ఉంటాయి. ఒకటి బయట, నాజిల్ రంధ్రాల్లో కట్టే కోక్ (గట్టిపడ్డ మసి). డీజిల్‌లో జింకు లాంటి లోహం 1 పీపీఎం చేరినా ఇది వేగంగా పెరుగుతుంది. యూరప్‌లో ఈ డిటర్జెంట్లను పరీక్షించే ఇంజిన్ టెస్టులో కావాలనే ఆ మేరకు జింకు కలుపుతారు. జింకు పూత పూసిన డబ్బాల్లో, పైపుల్లో డీజిల్ నిల్వ ఉంచవద్దని చెప్పేది ఇందుకే.

రెండోది ఇంజెక్టర్ లోపల, నీడిల్ మీద, కంట్రోల్ వాల్వ్ మీద పట్టే పొర. ఇది బయటికి కనిపించదు. నాజిల్ ముక్కు శుభ్రంగానే ఉంటుంది, ఇంజిన్ మాత్రం ఐడిలింగ్‌లో వణుకుతుంది. కొన్నిసార్లు వేడిగా ఉన్నప్పుడు బాగా నడిచి, ఆపి చల్లారాక స్టార్ట్ కాదు. ఈ పొరల్లో ఒక రకం సబ్బు లాంటిది. డీజిల్‌లోకి చేరిన సోడియం, లూబ్రిసిటీ కోసమో తుప్పు పట్టకుండానో కలిపిన ఆమ్లాలతో చేరి తయారవుతుంది. ఇంకో రకం గోధుమరంగు వార్నిష్ లాంటిది. గతంలో కొన్ని నాసిరకం డిటర్జెంట్లే ఈ వార్నిష్‌కు కారణమని తేలింది. నాజిల్‌ను శుభ్రం చేస్తూనే లోపల పొర పెట్టేవి. కాబట్టి “ఇంజెక్టర్ క్లీనర్” అన్న ముక్క చూసి కొనేయకండి. ఇంజెక్టర్ లోపలి డిపాజిట్ల మీద కూడా పనిచేస్తుందని, కామన్ రైల్ కోసం చేశామని లేబుల్ స్పష్టంగా చెప్పాలి.

మోతాదులు రెండుంటాయి. పేరుకున్నది తీసే ఎక్కువ మోతాదు, మళ్లీ పేరుకోకుండా చూసే తక్కువ మోతాదు. లక్షణాలున్న బండికి మొదటిది రెండు మూడు ట్యాంకులు వాడి, తర్వాత రెండోదానికి మారండి. ఇంజిన్ బాగా నడుస్తుంటే మొదటి నుంచీ తక్కువ మోతాదే చాలు. పాత బండిలో తొలిసారి పోసేటప్పుడు స్పేర్ ఫిల్టర్ ఒకటి బండిలో ఉంచుకోండి. ఏళ్లుగా ట్యాంకు గోడలకు పట్టిన మురికి కదిలి వచ్చి ఫిల్టర్‌ను మూసేయవచ్చు. అది జరిగితే మందు చెడ్డదని అనుకోవద్దు, ఫిల్టర్ మార్చి ముందుకు పోండి.

ఒక్క విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. అరిగిన నీడిల్‌ను, దెబ్బతిన్న సీటును ఏ ద్రవమూ తిరిగి నిర్మించలేదు. ఒక ఇంజెక్టర్ రిటర్న్ లైన్‌లోకి (మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిప్పి పంపే పైపులోకి) మిగతావాటికంటే ఎక్కువ డీజిల్ వదులుతుంటే అది లోపల అరిగిపోయినట్టు. ఈ రిటర్న్ లీక్ టెస్టుకు పెద్ద ఖర్చుండదు, ఎక్కువ సమయమూ పట్టదు. ముందు ఆ టెస్ట్ చేయించండి. తేడా వస్తే సీసాల మీద పెట్టే డబ్బు ఇంజెక్టర్ బాగుచేతకు దాచుకోండి.

నీరు: సీసా కంటే డ్రెయిన్ ప్లగ్ ముఖ్యం

ట్యాంకు సగం ఖాళీగా రాత్రంతా నిలబడితే లోపలి గాలిలోని తేమ చల్లబడి గోడల మీద నీరుగా మారుతుంది. బయోడీజిల్ (నూనెలు, కొవ్వుల నుంచి చేసే ఇంధనం) కలిసిన డీజిల్ మామూలు డీజిల్ కంటే ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది. కాబట్టి ఏ బండీ నీటికి అతీతం కాదు.

దీనికి అమ్మేవి మూడు రకాలు. నీటిని విడగొట్టే డీమల్సిఫైయర్, నీటిని డీజిల్‌లో కలిపే ఎమల్సిఫైయర్, ఆల్కహాల్ ఉన్నవి. కామన్ రైల్ బండికి మొదటిదే కొనండి. విడిపోయిన నీరు బరువుగా అడుగుకు దిగుతుంది, సెపరేటర్ దాన్ని పట్టుకుంటుంది, మీరు డ్రెయిన్ చేస్తారు. ఇక్కడ మీ వంతు పని ఒకటుంది: గిన్నెలో చేరిన నీటిని నిజంగా వదలాలి. మందు పోసి డ్రెయిన్ ప్లగ్ ముట్టకపోతే ఆ నీరు అక్కడే పెరుగుతుంది.

ఎమల్సిఫైయర్ వాదన ఏమిటంటే, నీటిని సన్నటి తుంపరలుగా చేసి డీజిల్‌తో పాటే కాల్చేస్తామని. తక్కువ ఒత్తిడితో నడిచే పాత పంపుల్లో ఇది ఎలాగో నడిచిపోయింది. 2,000 బార్ దగ్గర, బాగా వేడెక్కిన నాజిల్ ముక్కులో నీటి చుక్క ఒక్కసారిగా ఆవిరైతే ఆ ముక్కే దెబ్బతినవచ్చు. ఆల్కహాల్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. నీటిని లాక్కోవడంతో పాటు డీజిల్ జిడ్డుదనాన్ని తగ్గిస్తుంది, కొన్ని సీళ్లను పాడుచేయవచ్చు. డీజిల్‌కు తక్కువ ఉష్ణోగ్రతలోనే అంటుకునే గుణం కూడా తెస్తుంది. ఈ రెండింటినీ నేను కొత్త ఇంజిన్లకు ఎప్పుడూ సూచించలేదు.

లేబుల్ చూసి ఏ రకమో తేలకపోతే మీరే పరీక్షించవచ్చు. మూత ఉన్న గాజు సీసాలో డీజిల్ ముప్పాతిక దాకా పోసి, ఒక చెంచాడు నీళ్లు, నాలుగు చుక్కల మందు వేయండి. మంట దగ్గర లేకుండా చూసుకుని బాగా కుదిపి పక్కన పెట్టండి. కాసేపటికి నీరు అడుగున స్పష్టమైన గీతతో విడిపోతే అది విడగొట్టే రకం. గంటల తరబడి మజ్జిగలా తెల్లగా ఉండిపోతే అది కలిపే రకం. ఆ నాలుగు ఇంజెక్టర్లు పోయిన ఓనరు ముందే ఈ చిన్న పని చేసి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మందు ఏదైనా, ట్యాంకు అడుగున పెద్దమొత్తంలో చేరిన నీటికి అది పనికిరాదు. దాన్ని పంపుతో తోడేయడమో ట్యాంకు దించి కడగడమో చేయాలి.

సీటేన్ పెంచేవి

సీటేన్ సంఖ్య డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెబుతుంది, దానిలో ఎంత శక్తి ఉందో కాదు. పెట్రోల్‌లో ఆక్టేన్ గురించి కూడా ఇలాగే పొరబడుతుంటారు. సీటేన్ తక్కువైతే నాజిల్ పిచికారీ చేసిన డీజిల్ అంటుకోవడానికి ఆలస్యమవుతుంది. అప్పటికి పోగైనదంతా ఒక్కసారిగా మండి టకటకమనే శబ్దం వస్తుంది. చల్లని ఇంజిన్‌లో కొంత అసలు మండకుండానే తెల్ల పొగగా బయటికి పోతుంది. ఎక్కువగా వాడే 2-ఇథైల్‌హెక్సైల్ నైట్రేట్ ఈ ఆలస్యాన్ని తగ్గిస్తుంది. మొదటి కొద్ది మోతాదుకే ఎక్కువ ఫలితం, తర్వాత పోసేకొద్దీ పెరుగుదల తగ్గిపోతుంది. కాబట్టి “డబుల్ డోస్” వృథా.

చల్లటి ప్రాంతం, నాణ్యత నమ్మలేని డీజిల్, పొద్దున తెల్ల పొగ: ఈ మూడు కలిసినచోట దీన్ని వాడండి. వేడి ప్రాంతంలో, మంచి డీజిల్‌తో నడిచే బండికి పికప్ పెరుగుతుందని కొనకండి. డబ్బాను ఎండలో, క్యాబిన్ వేడిలో ఉంచవద్దు. ఆవిరి పీలిస్తే తలనొప్పి వస్తుంది, గాలి ఆడే చోటే పోయండి.

జిడ్డుదనం

పంపు ఏ రకమో తెలిస్తే ఈ నిర్ణయం సులువు. రోటరీ పంపు (తిరిగే ఒకే భాగంతో అన్ని సిలిండర్లకూ డీజిల్ పంచేది) పూర్తిగా డీజిల్‌తోనే తడుస్తుంది, లోపల వేరే ఆయిల్ ఉండదు. చాలా లైన్ పంపుల్లో కామ్‌షాఫ్ట్‌కు ఇంజిన్ ఆయిల్ అందుతుంది, ప్లంజర్లకు మాత్రమే డీజిల్ జిడ్డు కావాలి. అందుకే జిడ్డు తగ్గిన డీజిల్‌తో ముందు దెబ్బతినేది రోటరీ పంపు. కామన్ రైల్ హై ప్రెషర్ పంపుల్లో చాలావాటికి కూడా డీజిలే ఆధారం. ఆ పంపు లోపల అరిగిందంటే దాని లోహపు పొడి రైల్‌లోకి, అక్కడినుంచి ఇంజెక్టర్లన్నిటిలోకి వెళ్తుంది. రిపేరు బిల్లు పంపుతో ఆగదు.

జిడ్డుదనాన్ని కొలిచే పద్ధతికి హెచ్ఎఫ్ఆర్ఆర్ అని పేరు. 60 డిగ్రీల సెల్సియస్ డీజిల్‌లో చిన్న ఉక్కు గోళీని ఉక్కు పలక మీద 75 నిమిషాలు రుద్ది, గోళీ మీద పడిన అరుగు మచ్చ వెడల్పు కొలుస్తారు. యూరప్ ప్రమాణంలో అది 460 మైక్రాన్లు, అమెరికాలో 520 మైక్రాన్లు దాటకూడదు. ఇక్కడ మచ్చ ఎంత చిన్నదైతే అంత మేలు. బయోడీజిల్ దీనికి చాలా మంచిది. 2 శాతం కలిసినా జిడ్డుదనం గట్టిగా పెరుగుతుంది. మీకు దొరికే డీజిల్‌లో ఇప్పటికే 5 నుంచి 7 శాతం బయోడీజిల్ ఉంటే విడిగా లూబ్రిసిటీ మందు కొనక్కర్లేదు. కిరోసిన్ కల్తీ అయిందన్న అనుమానం ఉన్నా, బయోడీజిల్ లేని డీజిల్‌ను రోటరీ పంపు బండికి వాడుతున్నా కొనండి. చెప్పిన మోతాదు దాటకండి. లోపలి సబ్బు పొరకు ముడిసరుకు ఇలాంటి ఆమ్లాలే అని పైన చెప్పాను కదా.

చలి, పాకుడు, ఎక్కువకాలం నిల్వ

చలిలో డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. మందు ఆ మైనపు స్ఫటికాలు పెద్దవి కాకుండా ఆపుతుంది, ఏర్పడినవాటిని కరిగించదు. కాబట్టి డీజిల్ ఇంకా తేటగా ఉన్నప్పుడే, కొండ ఎక్కేముందే పోయాలి. గడ్డకట్టాక పోయడానికి వేరే ఎమర్జెన్సీ మందులున్నాయి, వాటిని రోజూ వాడేవాటిగా అనుకోవద్దు. కిరోసిన్ కలపడం పాత పద్ధతి. అది మైనం సమస్య తగ్గిస్తుంది, దానితో పాటే జిడ్డు, లీటరుకు వచ్చే శక్తి కూడా తగ్గిస్తుంది. ఇంజిన్ పుస్తకం ఒప్పుకోకపోతే మందే మేలు.

ఫిల్టర్ విప్పినప్పుడు నల్లటి లేదా గోధుమరంగు బంక, పాడైన వాసన ఉంటే అది పాకుడు. నీరు, డీజిల్ కలిసే గీత దగ్గర బ్యాక్టీరియా, ఫంగస్ పెరుగుతాయి. దీనికి బయోసైడ్ (వాటిని చంపే మందు) ఉంది. వరస ముఖ్యం: ముందు నీరు తీయాలి, తర్వాత బయోసైడ్ పోయాలి, చచ్చిన పాకుడు వచ్చి ఫిల్టర్లను మూస్తుంది కాబట్టి వాటిని ఒకటి రెండుసార్లు మార్చాలి. నీరు అలాగే వదిలేస్తే నెలలో మళ్లీ వస్తుంది. ఇది విషం. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు లేకుండా ముట్టవద్దు. పాకుడు లేకుండా “ముందు జాగ్రత్త”గా ప్రతి ట్యాంకుకీ పోయడం నాకు సమ్మతం కాదు.

నెలల తరబడి కదలని బండికైతే నిల్వ మందు పనికొస్తుంది. దాన్ని తాజా డీజిల్‌లోనే కలపాలి, అప్పటికే ముదిరి రంగు మారినదాన్ని వెనక్కి తేలేదు. రోజూ తిరిగే లారీకి దీనితో పనిలేదు.

మైలేజీ పెంచుతామనేవి

ఇక్కడ నా మాట కటువుగా ఉంటుంది. లీటరు డీజిల్‌లో ఒక మిల్లీలీటరు ఏది కలిపినా ఆ లీటరులో ఉండే శక్తి పెరగదు. మురికిపట్టిన ఇంజెక్టర్‌ను శుభ్రం చేసి, పోయిన మైలేజీని తిరిగి తేవడం డిటర్జెంట్‌కు సాధ్యం. బాగున్న ఇంజిన్‌కు 10, 15 శాతం అదనంగా ఇస్తామనే మాటను నమ్మకండి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇంధనం ఆదా చేస్తామన్న 100కు పైగా పరికరాలను, మందులను పరిశీలించింది. మైలేజీని గణనీయంగా పెంచినది ఒక్కటీ దానికి దొరకలేదు. అదే ఈపీఏ దగ్గర అడిటివ్‌లు రిజిస్టర్ కూడా అవుతాయి. “ఈపీఏ రిజిస్టర్డ్” అని సీసా మీద కనిపిస్తే అది పనిచేస్తుందని ఆ సంస్థ హామీ ఇచ్చినట్టు కాదు.

లెక్క ఇలా వేయండి. మందు ఖర్చు లీటరు డీజిల్ ధరలో 1.5 శాతం అనుకుందాం. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీ కనీసం 4.06 ఇస్తేనే మందు డబ్బు మందుకు సరిపోతుంది. 300 లీటర్ల ట్యాంకు మీద ఆ తేడా 18 కిలోమీటర్లు. లోడు, గాలి, టైర్లలో గాలి, డ్రైవరు కాలు, వీటివల్ల వచ్చే తేడా అంతకంటే ఎక్కువ. ఒక ట్రిప్పు చూసి తేల్చడం కుదరదు. ఇంత చిన్న తేడాను పట్టుకోవడానికే ఎస్ఏఈ జే1321 అనే పరీక్షా పద్ధతిలో మందు పోయని ఇంకో లారీని పక్కనే నడిపి, రెండిటి ఇంధనాన్నీ పోలుస్తారు. మైలేజీ గురించి గొప్పగా చెప్పే కంపెనీని ఈ పరీక్ష రిపోర్టు అడగండి. డ్రైవర్ల ఉత్తరాలు చూపిస్తే అది రిపోర్టు కాదు.

ఆయిల్, పెట్రోల్, కిరోసిన్ కలిపే అలవాటు

2టీ ఆయిల్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ కలిపితే పంపు మెత్తగా నడుస్తుందని పాత డ్రైవర్లు చెబుతారు. వాళ్ల రోజుల్లో, వాళ్ల పంపులతో అది కొంత నిజం కావచ్చు. ఇంజిన్ ఆయిల్‌లో జింకు, కాల్షియం, ఫాస్ఫరస్ ఉంటాయి. డీపీఎఫ్‌లో అవి బూడిదవుతాయి, ఫాస్ఫరస్ క్యాటలిస్టును పాడుచేస్తుంది, జింకు నాజిల్‌లో కోక్ పెంచుతుంది. వాడేసిన ఆయిల్‌లో వీటికి తోడు మసి, లోహపు పొడి కూడా. పెట్రోల్ కలపడం ఇంకా ప్రమాదం. డీజిల్ ఆవిరి మామూలుగా 50 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా అంటుకోదు. కొంచెం పెట్రోల్ చేరినా ట్యాంకులోని ఆవిరి మామూలు ఎండలోనే అంటుకునే స్థితికి వస్తుంది. ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

మీకు ఏది

కామన్ రైల్, డీపీఎఫ్ ఉన్న లారీ, వారంటీలో ఉంది, నమ్మకమైన బంకులో కొట్టిస్తున్నారు: ఏమీ పోయకండి. ఫిల్టర్లు సమయానికి మార్చండి, వారానికోసారి సెపరేటర్ నీరు వదలండి. మందు మీద మనసు ఉంటే ముందు కంపెనీ పుస్తకంలో ఇంధనం అధ్యాయం చదవండి. కొన్ని ఇంజిన్ కంపెనీలు తామే ఒక అడిటివ్ అమ్ముతాయి లేదా పేరు పెట్టి ఒప్పుకుంటాయి. అలాంటిదైతే వారంటీ మీద టెన్షన్ ఉండదు.

అదే లారీ వారంటీ దాటి లక్షల కిలోమీటర్లు తిరిగి, ఎక్కడ పడితే అక్కడ డీజిల్ కొట్టించాల్సి వస్తే డిటర్జెంట్, డీమల్సిఫైయర్ రెండూ ఉన్న ఒకే సీసా తీసుకోండి. ప్రతి ట్యాంకుకీ తక్కువ మోతాదు వేయవచ్చు, లేదా ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడల్లా ఒక ట్యాంకుకు ఎక్కువ మోతాదు. నేను మొదటిదాన్ని ఇష్టపడతాను, ఎందుకంటే పేరుకున్న పొర తీయడం కంటే పేరుకోకుండా ఆపడం తేలిక.

డిటర్జెంట్ కలిపి అమ్మే ప్రీమియం డీజిల్ దొరుకుతుంటే, లీటరుకు తేడా ఎంతో, సీసాతో లీటరుకు ఎంత పడుతుందో పక్కపక్కన పెట్టి చూడండి. సామాన్యంగా సీసా చౌక. ప్రీమియం డీజిల్‌లో మోతాదు తప్పే భయం మాత్రం ఉండదు. బండి వేరేవాళ్ల చేతిలో ఉంటే అది తక్కువ లాభం కాదు. పది లారీలు దాటి, సొంత నిల్వ ట్యాంకు ఉన్నవాళ్లు ట్యాంకులోనే కలపడం మేలు. డ్రైవర్లకు సీసాలిస్తే కొన్ని పోస్తారు, కొన్ని సీటు కింద ఉండిపోతాయి.

పాత రోటరీ పంపు బండికి లూబ్రిసిటీ మందు. పాత లైన్ పంపు బండికి మంచి ఫిల్టర్ చాలు.

పోసేటప్పుడు

1:1000 అని ఉంటే లీటరుకు ఒక మిల్లీలీటరు. 400 లీటర్ల ట్యాంకులో 100 లీటర్లు ముందే మందు పోసిన డీజిల్ ఉంటే కొత్తగా కొట్టించే 300 లీటర్లకే, అంటే 300 మిల్లీలీటర్లే పోయాలి. డీజిల్ కొట్టించేముందు పోస్తే ఆ ధారకు తానే కలుస్తుంది. రెండు కంపెనీల మందులు ఒకే ట్యాంకులో కలపవద్దు. పోయడం మొదలుపెట్టకముందు ఐదారు ట్యాంకుల మైలేజీ, పొద్దున ఎన్నిసార్లు సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయిందో, ఫిల్టర్ ఎన్ని కిలోమీటర్లకు మారిందో రాసుకోండి. మందు వాడాక మళ్లీ అన్నే ట్యాంకులు రాసుకోండి.

చివరగా, యూరియా ద్రవం డీజిల్‌లో పోసే మందు కాదు. కొన్ని లారీల్లో దాని మూత డీజిల్ మూత పక్కనే ఉంటుంది, చీకట్లో పొరపాటు జరుగుతుంది. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది నీరు. పొరపాటున డీజిల్ ట్యాంకులో పడితే తాళం చెవి తిప్పవద్దు, స్విచ్ ఆన్ కూడా చేయవద్దు. చాలా బండ్లలో స్విచ్ ఆన్ చేయగానే లోపలి పంపు తిరిగి ఆ ద్రవాన్ని లైన్లలోకి లాగుతుంది. అక్కడే నిలిపి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి, కడిగించి, ఫిల్టర్లు మార్పించండి. స్టార్ట్ చేయనంతవరకు ఖర్చు ట్యాంకు దగ్గరే ఆగుతుంది.